హులిగెమ్మ గుర్రమెక్కిన పొద్దు

బళ్లారి చౌరస్తా దగ్గర బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీ అమ్మే హులిగెమ్మ హోటలుకు పేరుపలక లేదు. దాని అవసరమూ ఎప్పుడూ పడలేదు. పొద్దున ఆ దారిన పోయేవాళ్లకు ముందు నూనె వాసన తగిలేది, తర్వాత హులిగెమ్మ గొంతు వినిపించేది. ఆ రెండింటినీ పట్టుకొని నడిస్తే కళ్లు మూసుకున్నవాడైనా నేరుగా హోటలుకే చేరేవాడు.

ఆమెది కోసిగి పక్క ఒక పల్లె. హులిగి తల్లికి మొక్కుకున్నాక పుట్టిన బిడ్డ కాబట్టి ఆ తల్లి పేరే పెట్టారు. పెండ్లయి కర్నూలు వచ్చేనాటికి మొగుడు పెద్ద ఈరన్న మార్కెట్ యార్డులో హమాలీ. వేరుశెనగ బస్తా ఒకటి నడుము మీద పడి అతను మంచమెక్కిన ఏడాది, ఆమె ఇంటి ముందర మూడు రాళ్లు పెట్టి బాణలి ఎక్కించింది. నడుము బాగుపడ్డాక కూడా ఈరన్న యార్డుకు తిరిగి పోలేదు. పెళ్లాం దగ్గరే కళ్లనీళ్లు తుడుచుకుంటూ ఎర్రగడ్డలు కోస్తూ స్థిరపడ్డాడు. యార్డు మేస్త్రీ కంటే ఈ మేస్త్రీయే గట్టిదని నవ్వుతూ చెప్పేవాడు. ఆమె పక్కన లేనప్పుడే లెండి.

గట్టిదన్న మాట నిజమే. ప్లేటు ఒక చేత్తో, ఫోను ఒక చేత్తో పట్టుకున్నవాడి ప్లేటు వెనక్కి లాక్కునేది. సుగరున్నవాళ్లు రెండో బజ్జీ అడిగితే వాళ్ల ఇంటికి కబురు పంపుతానని బెదిరించేది. ఒకాయన బజ్జీలో ఉప్పు తగ్గిందన్నాడు. ఆయన్ను నాలుక చాపమని, దాని మీద తెల్లగా పూత ఉందని తేల్చి, ముందు కడుపు శుభ్రం చేసుకొని రమ్మని పంపేసింది. మర్నాడు ఆయన నిజంగానే శుభ్రం చేసుకొని వచ్చాడు. లాయర్లు, లారీ డ్రైవర్లు, చౌరస్తాలో నిలబడే ట్రాఫిక్ పోలీసు, అందరూ ఆమె చెప్పిన చోట కూర్చొని, చెప్పినన్ని తిని, చెప్పిన తొట్టిలోనే చేతులు కడిగేవారు.

ఆమె మాట వినడం మానేసినవి మోకాళ్లు మాత్రమే. ఏళ్ల తరబడి పొయ్యి ముందర నిలబడి నిలబడి అవి తిరగబడ్డాయి. డాక్టరమ్మ పరీక్షలు చేసి సుగరు కూడా తోడైందని చెప్పి, రోజూ పొద్దున్నే నడవాల్సిందేనని తేల్చేసింది. పొద్దున తనకు పొయ్యి కాడ పని ఉంటుందనీ, సాయంత్రం నడుస్తాననీ హులిగెమ్మ బేరమాడింది. కర్నూలు ఎండలో సాయంత్రం నడిస్తే సుగరు కాదు, మనిషే కరిగిపోతుందని డాక్టరమ్మ నవ్వింది.

అట్లా చిల్లుల గరిటె కోడలి చేతికి వచ్చింది. కొడుకు ఈరేష్ ఎర్రగడ్డల లోడు బండి తోలుతూ వారంలో సగం రోజులు రోడ్ల మీదే ఉంటాడు. కోడలు శ్రావణి డిగ్రీ చదివింది, మెత్తని మనిషి. వచ్చి ఏడాది దాటినా అత్త ఆమెకు పుట్నాల పొడి దంచే పని తప్ప వేరే పని అప్పగించలేదు. గరిటె ఇచ్చేటప్పుడు హులిగెమ్మ ముఖం ఆస్పత్రిలో పసిబిడ్డను నర్సు చేతికి ఇచ్చే బాలింత ముఖంలా ఉండిందని ఈరన్న చెబుతాడు.

హంద్రీ వంతెనకు అవతల కొత్తగా ఒక పార్కు వేశారు. ఊళ్లో అంతవరకు లేని సంగతి ఏమంటే, అందులో గుర్రపు స్వారీకి వేరే బాట ఉంది. నడిచేవాళ్లకు సిమెంటు బాట, గుర్రాలకు ఇసుక పోసిన మెత్తని బాట, రెండింటికీ నడుమ కానుగ చెట్లు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు రెండో రోజుకే ఇసుక మెత్తగా ఉందని కనిపెట్టి ఆ బాటలోకి మారిపోయారు. గుర్రాలేమో పాపం సిమెంటు మీద టక్కుటక్కుమని నడిచేవి. ‘గుర్రాలు పోవు దారి’ అని రాసిన పలక కింద చెప్పులు విడిచి రిటైరైన పంతుళ్లు ప్రాణాయామం చేసేవారు.

హులిగెమ్మ కూడా ఆ ఇసుకలోనే నడిచేది. నడిచేదనడం కంటే హోటలును ఫోనులో నడిపేదనడం సరిగ్గా ఉంటుంది. కొడుకు పాత బూట్లు వేసుకొని, చీర కుచ్చిళ్లు పైకెత్తి దోపి, ఫోను చెవికి ఆనించి, పిండిలో వాము పడిందా, నూనె కాగిందా, మిరపకాయ నిలువునా చీల్చినారా అని అడుగుతూ పోయేది. ఆమె వెనక నడిచే ఆడవాళ్లలో కొందరికి బజ్జీలు చేయడం అట్లాగే పట్టుబడింది.

అక్కడ గుర్రాలు తిప్పేవాళ్లలో దస్తగిరి ఒకడు. వన్ టౌన్ మనిషి, హోటలుకు పాత గిరాకీ. అతని గుర్రం తెల్లటి ఆడ గుర్రం, పేరు చాందినీ. పార్కుకు రాకముందు నుంచే అది పెండ్లి మెరవణుల్లో పేరు మోసింది. ఏదో పెండ్లికి పెట్టిన గోరింటాకు దాని తోక చివర ఇంకా ఎర్రగానే ఉండేది. హులిగెమ్మ మొదటి రోజే దాని పక్కటెముకలను పైనుంచి కిందికి చూసి విచారణ మొదలుపెట్టింది.

“దీనికి పెడతాండావా, నువ్వే తింటాండావా?”

“అది తిని మిగిలిస్తే నేను తింటాండా అక్కా,” అన్నాడు దస్తగిరి.

ఆ జవాబు ఆమెకు నచ్చింది. నడుమ నడుమ అతని దగ్గర ఆగి కూర్చునేది. ఒకసారి ఎక్కి చూడమని, నడిచేది గుర్రం, పేరు నీకని అతను ఊరించేవాడు. డాక్టరమ్మ నడవమన్నది తనను గానీ గుర్రాన్ని కాదని ఆమె కొట్టిపారేసేది.

మాఘమాసంలో ఒక ఆదివారం. ఆదివారమంటే హోటలు ముందర జనం రోడ్డు మీదికి వస్తారు. పార్కులో సగం దూరం పోయాక హులిగెమ్మ శ్రావణికి ఫోను చేసింది. ఎత్తలేదు. మళ్లీ చేస్తే ఈరన్న ఎత్తాడు. వెనక నూనె చిటపటలు, ప్లేట్ల చప్పుడు, ఎవరో నవ్వడం వినిపించాయి.

“మొదుట చేసిందంతా అయిపాయ,” అన్నాడు ఈరన్న సంబరంగా. “పాప ఇంగో వాయి ఏస్తాంది. నువ్వేం బిన్నా రావల్సిన పని ల్యాదులే, నిమ్మళంగా రా.”

ఈరన్న మంచి మాటే చెప్పాననుకున్నాడు. హులిగెమ్మకు మాత్రం గుండెలో ముల్లు గుచ్చుకున్నట్టయింది. తను లేకుండా ఆదివారం పూట బాణలి ఖాళీ కావడమేమిటి? ఈరోజు బజ్జీ ఎట్లుందని జనం అంటున్నారో అడగాలని నోటిదాకా వచ్చింది గానీ అడగలేక ఫోను పెట్టేసింది. వెంటనే హోటలుకు పోవాలి. తన కళ్లతో చూస్తే ఏదో ఒక తప్పు దొరక్కపోదు. గిరుక్కున వెనక్కి తిరిగింది. ఆ తిరగడానికి ఎడమ మోకాలు కలుక్కుమని బిగుసుకుపోయింది.

గేటు చూస్తే ఎక్కడో ఉంది. సిమెంటు బెంచీ మీద కూలబడి మోకాలిని తిడుతూ ఉంటే దస్తగిరి గుర్రాన్ని తోలుకొచ్చాడు. గేటు దాకా కూర్చోబెట్టి తీసుకుపోయి ఆటో ఎక్కిస్తానన్నాడు. హులిగెమ్మ అటూ ఇటూ చూసింది. ఇంకో రోజైతే ససేమిరా ఒప్పుకునేది కాదు. ఆరోజు హోటలు తప్ప ఆమె కళ్లకు ఏమీ కనబడలేదు.

బెంచీ ఎక్కి నిలబడింది. చేనులో వేరుశెనగ పీకే రోజుల్లో లాగా చీర ఎగదోపుకుంది. ముందర దస్తగిరి లాగితే, వెనక నుంచి నడకకొచ్చిన ఆడవాళ్లు ఇద్దరు తోశారు. రెండుసార్లు బెంచీ మీదికే జారి, మూడోసారి ఎట్లాగో జీను మీద పడింది. చాందినీ ఒకసారి మెడ తిప్పి చూసి, ఎందరో లావుపాటి పెండ్లికొడుకులను మోసినదాన్ని నాకిదెంత అన్నట్టు నడక సాగించింది.

పైనుంచి చూస్తే పార్కంతా మరోలా కనిపించింది. పంతుళ్ల బట్టతలలు, కానుగ కొమ్మల్లోని పిట్టగూడు, గోడ అవతల హంద్రీలో మేసే బర్రెలు. హులిగెమ్మ జీవితంలో మనుషులను అంత ఎత్తు నుంచి ఎప్పుడూ చూసి ఉండలేదు, తిట్టడం మాత్రం ఆ ఎత్తు నుంచే తిట్టేది. గాలి చల్లగా ముఖానికి తగిలింది. మోకాలు నొప్పి తెలియలేదు. ఇది బాగానే ఉందే అనుకునేంతలో, వదులుగా ఉన్న కొడుకు బూటు ఒకటి కాలి నుంచి జారి కింద పడింది.

గేటు దగ్గర దించాక తెచ్చిస్తానన్నాడు దస్తగిరి. ఎవరైనా తొక్కుతారు, ఇప్పుడే తెమ్మంది హులిగెమ్మ. గుర్రాన్ని వదిలి పోకూడదని అతనికి తెలుసు. కానీ హులిగెమ్మ ఒక పని చెప్పినాక చేయకుండా నిలబడిన మనిషి కర్నూలులో లేడు. కళ్లెం తాడు జీనుకు తగిలించి బూటు కోసం వెనక్కి పోయాడు.

సరిగ్గా అప్పుడు బయట బ్యాండు మోగింది.

చాందినీ చదువంతా మూడే పాఠాలు. బ్యాండు మోగితే పోయి దాని ముందర నిలబడాలి. మోగినంతసేపూ అడుగులేయాలి. ఆగితే తీపి నోట్లో పడేదాకా కదలకూడదు. చెవులు నిక్కించి, తల పైకెత్తి, వీపు మీద ఎవరున్నారో మరిచిపోయి అది గేటు దాటింది. హులిగెమ్మ ఆగమంది. ఆగలేదు. కన్నడంలో చెప్పింది, తురకంలో చెప్పింది, ఆఖరికి ఈరన్నను తిట్టే తిట్లతో చెప్పింది. ఆమె మాటను ఖాతరు చేయని ప్రాణిని ఆమె అదే మొదటిసారి చూడటం.

పార్కు ఎదురుగానే ఫంక్షన్ హాలు. ఆడపెండ్లివారు కర్నూలు వాళ్లు. మగపెండ్లివారు కమలాపురం నుంచి తెల్లవారకముందే బస్సులో దిగి, లాడ్జిలో తయారై, పూలు కట్టిన జీపులో పెండ్లికొడుకు భూపేష్‌ను కూర్చోబెట్టుకొని మేళతాళాలతో వస్తున్నారు. చాందినీ దారి తెలిసినదానిలా బ్యాండుకు ముందు చేరి, ముందుకాళ్లు ఒకటి తర్వాత ఒకటి ఎత్తి ఆట మొదలుపెట్టింది. హులిగెమ్మ రెండు చేతులా జూలు పట్టుకుంది. ఒక కాలికి బూటు, ఒక కాలికి మట్టెలు.

పెండ్లికొడుకు పెదనాన్న శివశంకర్ మర్యాదల దగ్గర బహు పట్టింపు మనిషి. గుర్రం మీద నిండుగా బొట్టు పెట్టుకొని వస్తున్న పెద్ద ముత్తైదువను చూసి, కర్నూలు వాళ్లు ఎదురుకోలుకు ఇట్లా పంపడం ఆచారం కాబోలని తృప్తి పడ్డాడు. హాలు వాకిట హారతి పళ్లెంతో నిలబడిన పెండ్లికూతురి తల్లి రామలక్ష్మమ్మ, కడప పక్క వాళ్లకు ఇదొక పద్ధతి కాబోలు, ముందుగా చెప్పి ఉంటే తామూ ఒక గుర్రాన్ని పెట్టేవాళ్లం కదా అని నొచ్చుకుంది. అడిగితే తమ అజ్ఞానం బయట పడుతుందని ఇటువాళ్లు అటువాళ్లను అడగలేదు, అటువాళ్లు ఇటువాళ్లను అడగలేదు. ఎవరో పూలదండ తెచ్చి హులిగెమ్మకు అందించారు. ఒక చెయ్యి వదిలితే పడిపోతానని ఆమె తల వంచింది. ఆ వంచడంలోని వినయానికి కమలాపురం ఆడవాళ్లు ముచ్చట పడ్డారు.

నిజం తెలిసినవాడు అక్కడ ఒక్కడే, క్లారినెట్ ఊదే యేసుప్రసాద్. అతనికి చాందినీ తెలుసు, హులిగెమ్మా తెలుసు. నవ్వు పట్టలేక పెదవులు బిగపట్టడం చేతకాక ఊదడం ఆపేశాడు. బ్యాండుకు పెద్ద అతనే, అతను ఆపితే డప్పులూ ఆగాయి. డప్పులు ఆగితే చాందినీ రెండు వర్గాల నడుమ రాయిలా నిలిచిపోయింది. అందరూ తలెత్తి హులిగెమ్మ వంక చూశారు, ఆమె ఏదో చెప్పబోతున్నదన్నట్టు.

హులిగెమ్మ జూలు ఇంకా గట్టిగా పట్టుకుంది. తనెవరో చెప్పి దించమని అడుగుదామనుకుంది. ఇంతలో జీపు మీద బరువైన షేర్వాణీలో చెమటలు కక్కుతున్న పెండ్లికొడుకు కనిపించాడు. వాకిట్లో ఇంతమంది పని లేకుండా నిలబడటం చూసి ఆమె ఏనాడూ ఊరుకున్నది లేదు.

“ఏమప్పా, పిల్లోన్ని ఎండలో పెట్టి ఏం చూస్తాండారు? దిగమనండి.”

బావమరిది వచ్చి చెయ్యి పట్టి దించాలనీ, అది తమ మర్యాద అనీ శివశంకర్ చెప్పాడు. ఆ బావమరిది పెండ్లి దండల కోసం పోయి ఇంకా రాలేదు. దాని మీద అప్పటికే రెండు వైపులా ముఖాలు ముడుచుకొని ఉన్నాయి.

“పెండ్లి పిల్లతోన గదప్పా, బావమరిదితోన గాదు గదా,” అంది హులిగెమ్మ. “ముహూర్తం బావమరిది కోసరం నిలబడతాదా? నాయనా, నువ్వు దిగు.”

ఆ మాట కోసమే కాచుకున్నట్టు భూపేష్ జీపులోంచి దూకేశాడు. ఆడపెండ్లివారి వైపు ఎవరో కిసుక్కుమన్నారు. శివశంకర్ ఒక క్షణం తటపటాయించి, గుర్రం మీది మాటను కాదనడం మర్యాద కాదనుకున్నాడేమో, తానే ముందు నడిచాడు. రామలక్ష్మమ్మ బతికితిననుకొని, హారతి పళ్లెం ముందుగా ముత్తైదువకు చూపిద్దామని గుర్రం దగ్గరికి వచ్చింది. పళ్లెంలో పెండ్లికొడుకు నోటికి అందించే చక్కెర గిన్నె ఉంది. చాందినీ మెడ చాచి గిన్నెలోని చక్కెరంతా ఒక్క పట్టున నాకేసి, రామలక్ష్మమ్మ చేతిని కూడా నాకింది. శుభమని అందరూ చప్పట్లు కొట్టారు.

అప్పుడొచ్చాడు దస్తగిరి, ఆయాసంతో రొప్పుతూ, బూటు పట్టుకొని. తప్పయిందనీ, గుర్రం తనదేననీ, ఈమె పెండ్లికి సంబంధించిన మనిషి కాదనీ ఒక్క ఊపిరిలో చెప్పేశాడు.

శివశంకర్ హులిగెమ్మ వైపు తిరిగాడు. “అయితే నువ్వు వాళ్ల మనిషివి గాదా?”

“బళ్లారి చౌరస్తాలో బజ్జీలు ఏస్తాండానప్పా.”

రామలక్ష్మమ్మ నోటికి చెంగు అడ్డం పెట్టుకొని నవ్వసాగింది. కమలాపురం ఆడవాళ్లు అందుకున్నారు. ఆఖరికి శివశంకర్ కూడా భుజం మీది తువ్వాలు తీసి ముఖం తుడుచుకునే నెపంతో నవ్వాడు. అప్పటిదాకా ఎడంగా నిలబడిన రెండు వర్గాలు ఆ నవ్వుతోనే ఒక్కటై లోపలికి నడిచాయి. దండ వేసి హారతి చూపించిన మనిషిని వాకిట్లోంచి పంపితే పెండ్లికి మంచిది కాదని రామలక్ష్మమ్మ పట్టుబట్టి హులిగెమ్మను లోపలికి తీసుకుపోయి ముందు వరసలో కూర్చోబెట్టింది.

హోటల్లో ఎవరో ఫోనులో గుర్రం మీది హులిగెమ్మ వీడియో చూపిస్తే ఈరన్న చేతిలోని ఎర్రగడ్డ కింద పడింది. ఏమైందో ఏమోననుకుంటూ స్కూటరు మీద వచ్చిపడ్డాడు. వచ్చి చూస్తే పెళ్లాం మెడలో దండతో, ఫ్యాను కింద కుర్చీలో, ఒళ్లో టిఫిను ప్లేటు పెట్టుకొని కూర్చుంది.

“పొయ్యి కాడ ఎవురుండారు?” అని అడిగింది.

“పాప.”

ఉప్పు సంగతి, నూనె సంగతి అడుగుతుందని ఈరన్న కాచుకున్నాడు. ఆమె అడగలేదు. ప్లేటులోని ఉగ్గానిని వేళ్లతో కెలికి చూస్తూ కూర్చుంది. పెండ్లి వంటవాళ్లు చేసినది, నీళ్లోడుతూ ముద్దగా ఉంది.

“జనం ఏమంటాండారు?” అంది కాసేపటికి, ప్లేటు మీదినుంచి చూపు ఎత్తకుండా.

“బాగుండాదనే అంటాండారు.” ఈరన్న భయపడుతూనే చెప్పాడు. “నువ్వు యాడని గూడా అడుగుతాండారు. నువ్వు తిట్టకుంటే తిన్నట్ల లేదంట.”

హులిగెమ్మ ముఖం కొంచెం విచ్చుకుంది. ప్లేటు మొగుడి వైపు జరిపింది. “ఇది తిని చూడు. బొరుగులు నానబెట్టల్యా, ముంచి సంపినారు. మన పాప చేసేది దీని కంటే శానా మేలు.”

ఈరన్న ఆ మాట చెవిన పడగానే బయటికి పోయి కోడలికి ఫోను చేసి చెప్పాడు. శ్రావణి నమ్మలేదు. అత్తకు గుర్రం మీద నుంచి పడి తలకు దెబ్బ తగల్లేదు కదా అని రెండుసార్లు అడిగింది.

లేచి పోదామంటాడేమోనని హులిగెమ్మ మొగుణ్ణి పక్క కుర్చీలో కూర్చోమంది. తాళి కట్టేదాకా ఉండి అక్షింతలు వేసి పోదామంది. పొయ్యి రాజేసిన నాటి నుంచి పొద్దున జరిగే పెండ్లి ఒక్కటి కూడా ఆమె చూడలేదు. తమ పెండ్లి తర్వాత ఇదే. మేళాలు ఒక్కసారిగా గట్టిగా మోగినప్పుడు బయట చాందినీ ఏం చేస్తున్నదోనని ఇద్దరూ ఒకరినొకరు చూసుకొని నవ్వుకున్నారు.

తర్వాత హోటల్లో పని పంపకాలు కుదిరాయి. బాణలి శ్రావణిది, వాకిలి హులిగెమ్మది. నడక ముగించి తీరిగ్గా వచ్చి, స్టూలు వేసుకొని కూర్చొని, తినేవాళ్లను తిట్టడం ఒక్కటే ఆమె పని. ఆదివారాలు మాత్రం చాందినీ మీద ఒక చుట్టు తిరుగుతుంది. ఆమెను ఎక్కించే ముందు ఆరోజు ముహూర్తాలేమైనా ఉన్నాయా అని దస్తగిరి పంచాంగం తెలిసిన పంతులొకరిని అడిగి వస్తాడు.

వేసవిలో రామలక్ష్మమ్మ బజ్జీలకని వచ్చి ఒక కబురు చెప్పింది. కమలాపురంలో శివశంకర్ ఇంకో తమ్ముడి కొడుక్కు పెండ్లట. భూపేష్ కాపురం చల్లగా ఉందని, ఈ పెండ్లికీ అదే పద్ధతి జరగాలని ఇంటి ఆడవాళ్లు పట్టుబట్టారట. ఊరంతా గాలించి ఎక్కడా గుర్రం దొరక్క, ప్రొద్దుటూరు నుంచి ఒకదాన్ని తెప్పించి, వాళ్ల ముసలి మేనత్తను దాని మీద కూర్చోబెట్టి, ఒక కాలికి మాత్రం బూటు తొడిగి మెరవణి తీశారట. రెండో కాలికి ఎందుకు వేయకూడదని ఆ మేనత్త అడిగితే, కర్నూలులో అట్లాగే చేస్తారని చెప్పారట.